వాట్సాప్, ఫేస్‌బుక్‌లో నేరుగా అమ్మే రైతులు పేరు కాపాడుకోవడం ఎలా?

మామిడి, బత్తాయి, బియ్యం, బెల్లం, పసుపు లాంటి పంటలను దళారి లేకుండా వాట్సాప్ ద్వారా నేరుగా వినియోగదారులకు అమ్మే చిన్న రైతులు ఇప్పుడు చాలా గ్రామాల్లో ఉన్నారు. మార్కెట్ యార్డులో సరుకు చూసి ధర కడతారు. ఫోనులో కొనేవారు సరుకు చూడరు, రైతు మాట నమ్మి ముందే డబ్బు పంపుతారు. అందుకే ఒక్క చెడ్డ వీడియో గానీ, కోపంలో పెట్టిన ఒక్క మెసేజ్ గానీ ఏడాదంతా పడిన కష్టాన్ని దెబ్బతీయగలదు. మామిడిని ఉదాహరణగా తీసుకుని, పాటించవలసిన జాగ్రత్తలు కింద వివరిస్తున్నాం. మిగతా పంటలకూ ఇవే వర్తిస్తాయి.

సొంత నంబరు వేరు, అమ్మకం నంబరు వేరు

అమ్మకానికి వేరే సిమ్ పెట్టుకుని, అందులో వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి. ఇది ఉచితం. ఊరు, పంట, ధర, డెలివరీ రోజులు అందులో నమోదు చేసుకోవచ్చు. రాజకీయాలు, కులం, మతం, ఊరి తగాదాల గురించిన పోస్టులు, స్టేటస్‌లు ఆ నంబరులో పెట్టకూడదు. కొనేవారిలో అన్ని రకాల వారూ ఉంటారు.

కొనుగోలుదారులను అడగకుండా గ్రూపులో చేర్చవద్దు. ఒకరి నంబరు అందరికీ తెలిసిపోతుంది, ముఖ్యంగా మహిళలు ఇబ్బంది పడతారు. గ్రూపుకు బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడితే మెసేజ్ ఎవరికి వారికి విడిగా చేరుతుంది. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే అది వెళుతుంది కాబట్టి, మొదటి ఆర్డరు సమయంలోనే సేవ్ చేసుకోమని చెప్పాలి.

ఉన్నది ఉన్నట్టే చెప్పాలి

1. ఫొటోలు, వీడియోలు మీ తోటవే పెట్టండి. ఇంటర్‌నెట్‌లో దొరికిన మెరిసే కాయల ఫొటో పెడితే, పెట్టె తెరిచిన రోజే నమ్మకం పోతుంది.

2. ధ్రువీకరణ లేకుండా జైవిక్ భారత్ లోగో వాడకూడదు. పీజీఎస్-ఇండియా పద్ధతిలో, మార్పిడి దశలో ఉన్న పంటకు పీజీఎస్-గ్రీన్, ఆ దశ పూర్తయ్యాక పీజీఎస్-ఆర్గానిక్ అని ఇస్తారు. ధ్రువీకరణ లేనివారు "ప్రకృతి వ్యవసాయంలోకి మారి ఇది రెండో ఏడాది, ఫలానా కషాయాలు వాడాం" అని చేసిన పనిని చెబితే సరిపోతుంది. ఒక్కసారైనా రసాయన మందు కొట్టి ఉంటే అది దాచవద్దు.

3. కాల్షియం కార్బైడ్‌తో కాయలు మాగబెట్టడం నిషేధం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు అనుమతించారు. మీరు గడ్డిలో మాగవేస్తే అలా, ఇథిలీన్ గదిలో మాగవేస్తే అలాగే చెప్పండి. ఇథిలీన్ వాడడం తప్పు కాదు, వాడి కూడా వాడలేదని చెప్పడం తప్పు.

4. "మా బియ్యం తింటే షుగరు తగ్గుతుంది", "మా బెల్లం క్యాన్సర్ రాకుండా చేస్తుంది" లాంటి మాటలు రాయవద్దు. అది నమ్మి ఎవరైనా మందులు మానేస్తే జరిగే నష్టం పేరు పోవడంతో ఆగదు.

5. తాండ్ర, పచ్చళ్లు, పొడులు తయారుచేసి అమ్మేవారు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకుని, 14 అంకెల నంబరును ప్యాకెట్ మీద వేయాలి.

గాలివాన వచ్చినప్పుడే అసలు పరీక్ష

ముందుగా డబ్బు తీసుకున్న తరువాత మే నెలలో గాలివానకు కాయ రాలిపోతే, ఆర్డర్లకు సరుకు చాలదు. అప్పుడు కొందరు మండీలో కాయ కొని, తమ తోట కాయ అని పంపుతారు. ఆ కాయ ఎప్పుడు కోశారో, ఎలా మాగబెట్టారో కొన్న రైతుకే తెలియదు. తేడా వస్తే నింద మాత్రం అతని మీదే పడుతుంది.

సరుకు చాలదని తెలిసిన రోజే రాలిన కాయల ఫొటోతో సహా అందరికీ మెసేజ్ పెట్టాలి. డబ్బు వాపసు తీసుకుంటారా, తరువాతి కోతకు ఆగుతారా అని అడగాలి. వాపసు కోరినవారికి రెండు మూడు రోజుల్లో పంపేయాలి. ఇందుకోసం అడ్వాన్సు సొమ్మును వేరే ఖాతాలో ఉంచుకుని, సరుకు చేరిన తరువాతే వాడుకోవడం మంచిది. పక్క రైతు కాయ పంపదలిస్తే ఆ సంగతి ముందే చెప్పి, కొనేవారు ఒప్పుకుంటేనే పంపాలి.

పెట్టె కట్టేటప్పుడు ఆధారం ఉంచుకోండి

ప్రతి పెట్టెనూ కాటా మీద పెట్టి, బరువు కనిపించేలా ఫొటో తీయాలి. కోసిన తేదీ, రకం, కాయల సంఖ్య రాసిన చీటీ లోపల వేయాలి. మాగేటప్పుడు కాయ బరువు కొంత తగ్గుతుంది కాబట్టి పావుకిలో ఎక్కువే వేయండి. కాయను ఫ్రిజ్‌లో పెట్టకుండా గడ్డిలోగానీ కాగితంలోగానీ ఉంచాలనీ, మాగడానికి సుమారుగా ఎన్ని రోజులు పడుతుందో కూడా ఆ చీటీ మీదే రాయాలి. "పుల్లగా ఉన్నాయి" అనే ఫిర్యాదుల్లో చాలావరకు మాగకముందే కోయడం వల్ల వచ్చేవే.

ఫిర్యాదు వస్తే ఏం చేయాలి?

మామిడిలో ఎక్కువగా గొడవ తెచ్చేది పండు ఈగ. ఇది పక్వానికి వచ్చే కాయలో గుడ్లు పెడుతుంది. పైకి కాయ బాగానే కనిపించినా కోస్తే పురుగులు ఉంటాయి. కొన్నవారు ఆ వీడియో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే ఒక్క గంటలో వందల మందికి చేరుతుంది. అప్పుడు ఈ వరుసలో నడుచుకోవాలి.

1. వెంటనే రాయవద్దు. కోపం తగ్గేదాకా ఆగి, అదే రోజు తప్పక జవాబు ఇవ్వాలి. మౌనంగా ఉంటే తప్పు ఒప్పుకున్నట్టు అనుకుంటారు.

2. ముందు ఫోను చేసి మాట్లాడాలి. ఫొటో, పెట్టెలోని చీటీ అడిగి తీసుకోవాలి.

3. ఫిర్యాదు ఎక్కడ వచ్చిందో అక్కడే చిన్న జవాబు పెట్టాలి. ఉదాహరణకు: "నమస్కారమండీ. మీ పెట్టెలో మూడు కాయలు పాడైన మాట నిజమే. ఇది పండు ఈగ వల్ల వచ్చే నష్టం, పైకి కనిపించదు. ఆ కాయల డబ్బు ఈ రోజే పంపుతున్నాను. ఇదే కోతలో కాయలు తీసుకున్నవారు ఒకసారి చూసుకుని, తేడా ఉంటే నాకు చెప్పండి."

4. చెప్పిన ప్రకారం డబ్బు పంపాలి. ఫిర్యాదు తొలగించమని బతిమాలడం, బెదిరించడం రెండూ వద్దు.

5. తోటలో కారణం సరిచేయాలి. రాలిన కాయలు ఏరి లోతుగా పూడ్చాలి, మిథైల్ యూజినాల్ ఎరలు కట్టాలి. ఆ పని చేస్తున్న ఫొటో కొనుగోలుదారులకు పంపితే వంద మాటల కన్నా బాగా పనిచేస్తుంది.

బంధువుల చేత, స్నేహితుల చేత పొగడ్తలు రాయించవద్దు. చదివేవారు ఇట్టే పసిగడతారు.

పంట మీదే పుకారు పుడితే

2020 ఫిబ్రవరిలో కోడిమాంసం తింటే కరోనా వస్తుందని పుకారు పుట్టి కోళ్ల రైతులు ఘోరంగా నష్టపోయారు. ఆ నెల 28న తెలంగాణ మంత్రులు హైదరాబాదులో వేదిక మీద చికెన్ తిని చూపించవలసి వచ్చింది. పుచ్చకాయలకు రంగు ఎక్కిస్తున్నారనే వీడియోలు వేసవిలో తరచూ తిరుగుతుంటాయి. ఇలాంటివి "ఇది అబద్ధం" అని చెప్పడానికైనా ఫార్వర్డ్ చేయవద్దు, దాంతో ఇంకొందరికి చేరుతుంది. దానికి బదులు మీ పొలంలోనే కాయ కోసి చూపే చిన్న వీడియో పెట్టండి. మండల వ్యవసాయ, ఉద్యాన అధికారులకు తెలియజేయండి. ఒక్క రైతు మాట కన్నా సంఘం తరఫున పది మంది కలిసి చెప్పే మాటకు విలువ ఎక్కువ.

నకిలీ ఖాతాలు, డబ్బు మోసాలు

మీ పేరు, మీ తోట ఫొటో పెట్టి వేరొకరు అడ్వాన్సులు వసూలు చేస్తే, మోసపోయినవారు తిట్టేది మిమ్మల్నే. అందువల్ల:

- వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఆరంకెల కోడ్‌ను ఎవరికీ చెప్పకండి. లింక్డ్ డివైసెస్‌లో తెలియని ఫోను ఉంటే లాగౌట్ చేయండి.
- డబ్బు ఏ పేరు మీద, ఏ నంబరుకు పంపాలో సీజను మొదట్లోనే చెప్పండి. మధ్యలో మార్చవద్దు.
- డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. "క్యాంటీన్‌కు పెద్ద ఆర్డరు, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అనేవారిని నమ్మవద్దు.
- నకిలీ ఖాతా కనిపిస్తే ముందు స్క్రీన్‌షాట్ తీసి, ఖాతా లింకు దాచి, తరువాత రిపోర్టు చేయండి. కొనుగోలుదారులనూ రిపోర్టు చేయమనండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వాలి. వేరొకరిలా నటించి ఆన్‌లైన్‌లో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

కావాలని అబద్ధం ప్రచారం చేస్తే

పాత పగతోనో పోటీతోనో ఎవరైనా అబద్ధం రాస్తే, తేదీ, పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు దాచుకోండి. తిరిగి తిట్టవద్దు. ఆ తిట్టు మీకే వ్యతిరేకంగా సాక్ష్యం అవుతుంది. పెద్దమనుషుల సమక్షంలో తేలకపోతే పోలీసులను, న్యాయవాదిని సంప్రదించవచ్చు. పరువు నష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కిందకు వస్తుంది. అయితే కాయ బాగాలేదని నిజంగా కొన్నవారు రాసిన మాట పరువు నష్టం కాదు. దానికి జవాబు కేసు పెట్టడం కాదు, డబ్బు వాపసు ఇవ్వడం.

సీజనుకు ముందు చూసుకోవలసినవి

అమ్మకం నంబరు, టూ-స్టెప్ వెరిఫికేషన్, ధరల పట్టిక, పాడైన కాయలకు డబ్బు వాపసు నియమం, అడ్వాన్సుకు వేరే ఖాతా, కాటా, చీటీలు సిద్ధంగా ఉన్నాయో లేదో మొదటి కోతకు వారం ముందే సరిచూసుకోండి. ఇంట్లో ఫోను చూసుకునే పిల్లలకు కూడా ఏ మెసేజ్‌కు ఎలా జవాబివ్వాలో చెప్పి ఉంచండి.