హక్కు అను మాట

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమునందలి గోల్‌బజారులో తెలుగు మాట వినబడుట వింత గాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారమున పనికై వచ్చిన తెలుగు కుటుంబములు ఇరువదవ శతాబ్దారంభము నుండి అచట వంగీయుల ఇరుగుపొరుగున కాపురముండినవి. బజారొక్కటే, బావి నీరొక్కటే. కాని భర్తను గోల్పోయిన ఇద్దరు స్త్రీలకు, 1937కు పూర్వము, న్యాయ మొక్కటి గాదు.

వంగదేశమునకు ప్రమాణము జీమూతవాహనుని దాయభాగము. దాని ననుసరించి పుత్రులు లేని వితంతువు, కుటుంబము సమష్టిగా నున్నను, భర్త భాగమును జీవితాంతము అనుభవింపవచ్చును. తెలుగువారికి ప్రమాణము మితాక్షర. పదుమూడవ శతాబ్దముననే కేతన దానిని తెనిగించెను. సమష్టి కుటుంబమున మరణించిన వాని భాగము తక్కిన దాయాదులకు చెందును. భార్యకు మిగులునది మనోవర్తి. వలసపోయిన కుటుంబము తన ధర్మశాస్త్రమును వెంట గొనిపోవునని న్యాయస్థానములు తలచెను. కావున స్వగ్రామమునందలి పొలము మరదులకు, మనోవర్తి గోల్‌బజారులోని వదినకు. మనోవర్తియు హక్కే, పోషింపబడుటకే గాని పంచుకొనుటకు గాదు.

హిందీలో హక్ అనినను మనము హక్కు అనినను మూలము అరబ్బీయే. ఆ భాషలో దానికి సత్యమనియు అర్థము కలదు. అధికారమను సంస్కృత పదమున కీ ఛాయ లేదు.

ఖరగ్‌పూరున్న జిల్లాలోనిదే విద్యాసాగరుని జన్మస్థలమగు వీరసింహ గ్రామము. ఆయన కృషి ఫలితమైన 1856 నాటి చట్టము వితంతువునకు పునర్వివాహమును ప్రసాదించెను. ఆ వివాహముతోనే పూర్వ భర్త ఆస్తిపై ఆమెకు గల సమస్త స్వత్వమును, మనోవర్తితో సహా, తొలగించెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు జరిపించిన తొలి వితంతు వివాహమును ఈ చట్టపు నీడలోనిదే. ఒక చేత నిచ్చి వేరొక చేత గొనుట యన నిదియే గదా!

1937 చట్టము వితంతువునకు భర్త భాగము నిచ్చెను, పరిమితముగా. వ్యవసాయ భూమి దాని పరిధిలోనికి రాదని 1941లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పగా, మద్రాసు రాష్ట్రము 1947లో వేరు చట్టము చేయవలసి వచ్చెను. 1956 వారసత్వ చట్టము స్త్రీ ఆస్తిని పూర్ణ స్వత్వము గావించెను. సమష్టి ఆస్తిలో కుమార్తెకు మాత్రము పుట్టుకతో భాగము లేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986 చట్టము ద్వారా అవివాహితలకు దాని నొసగెను. దేశమునకంతటికి 2005 వరకు రాలేదు. తండ్రి నాటికి జీవించియున్నను లేకున్నను ఆ హక్కు జన్మతః సిద్ధించునని సుప్రీంకోర్టు తేల్చినది 2020 ఆగస్టు 11న.