శిఖరము చేరని కెమేరా

పర్వతారోహణ చిత్రము చూడబోవు ప్రేక్షకుడు తుదకు శిఖరాగ్రమున నిలిచిన మానవుని చూడగోరుట సహజము. ఇట్టి వాస్తవ చిత్రములలో నాకు మిక్కిలి ప్రియమైనవి రెండు. ఆ రెండింటిలోను చలనచిత్ర కెమేరా శిఖరమును చేరలేదు.

మొదటిది 1924 నాటి మూకచిత్రము ‘ది ఎపిక్ ఆఫ్ ఎవరెస్ట్’. తీసినవాడు కెప్టెన్ జాన్ నోయెల్. 1913లోనే మారువేషమున టిబెట్టులో ప్రవేశించి ఎవరెస్టు పరిసరములకు పోయివచ్చిన సాహసి. 1924 యాత్ర చిత్రహక్కులకై 8,000 పౌనులు చెల్లించి, ఫిల్ము కడుగుటకు డార్జిలింగులో ప్రయోగశాల కట్టించెను. కూలీలు మోసికొనివచ్చిన కెమేరాను సుమారు 22,000 అడుగుల ఎత్తున నిలిపి, దూరమును దగ్గరచేయు కటకముతో పైవారి కదలికలను పట్టెను. ఆ తెల్లని వాలుపై మనుష్యులు చీమలబారువలె కనబడుదురు.

జూన్ 8న మాలరీ, ఇర్విన్ శిఖరమువైపు సాగిరి. మధ్యాహ్నమువేళ ఓడెల్ వారిని ఒకమారు చూచెను. అంతలో మబ్బు కమ్మెను. రెండు దినములు గడచిన పిదప, ‘నార్త్ కోల్’ అను కనుమపై నున్నవారు మంచుమీద ఆరు కంబళ్ళను శిలువ ఆకారమున పరచిరి. ఇక ఆశ లేదని క్రిందివారికి అది సంకేతము. నోయెల్ కెమేరా ఆ గుర్తును పట్టెను. క్షణకాలపు నిశ్శబ్దమునకే వెరచు మావంటి రేడియోవారికి, మాటలేని ఆ దృశ్యము మరపునకు రాదు.

అయితే ఈ చిత్రమునకు ఒక మచ్చయు కలదు. 1924 డిసెంబరులో లండనునందు దీనిని ప్రదర్శించినప్పుడు, టిబెట్టునుండి కొనిపోయిన లామాలచే రంగస్థలముపై నృత్యము చేయించిరి. పవిత్రమైనది వినోదమైనందుకును, తమ ప్రజల అలవాట్లను చూపిన తీరునకును లాసా ప్రభుత్వము ఆగ్రహించెను. 1933 వరకు మరియొక ఎవరెస్టు యాత్ర సాగకపోవుటకు గల ప్రధాన కారణములలో ఇది యొకటి. పర్వతమును అంత వినయముతో చూచిన కన్ను, దాని చెంత నివసించు మనుష్యులయెడ ఆ వినయము చూపలేదు.

రెండవది 1953 నాటి ‘ది కాంక్వెస్ట్ ఆఫ్ ఎవరెస్ట్’. టామ్ స్టోబార్ట్, ఆపై ఎత్తులలో జార్జ్ లోవ్ దీనిని చిత్రించిరి. మే 29న శిఖరముపై హిల్లరీ తీసినవి నిశ్చలచిత్రములు మాత్రమే. విజయవార్త ఇందును సైగతోనే వచ్చును: దిగివచ్చుచున్న లోవ్ మంచుగొడ్డలిని శిఖరమువైపు చూపును, ఎదురుచూచువారు పరుగెత్తి కౌగిలించుకొందురు.

మాలరీ దేహము 1999లోను, ఇర్విన్ పాదము 2024లోను దొరకినవి. వారు శిఖరము చేరిరో లేదో నేటికిని తేలలేదు. నోయెల్ చిత్రమును 2013లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పునరుద్ధరించినది. దానిని చూడ తటస్థించినచో, శిఖరముకొరకు వెదకకుడు. ఆ కంబళ్ళవద్ద ఒక్క క్షణము ఆగుడు. కొండ ఎత్తెంతయో కొలతలు చెప్పును. ఆ ఎత్తునకు మానవుడు చెల్లించిన మూల్యమును అవి చెప్పును.