సుల్తాన్ బజారు నుండి లాడ్ బజారు వరకు

తిరువూరు, ఎ.కొండూరు ప్రాంతములనుండి చదువులకో, కచేరి పనులకో, పెండ్లి బట్టలకో హైదరాబాదునకు పోయి వచ్చువారు పెక్కుమంది. వారిలో చార్మినారును చూడనివారు అరుదు. అయినను బండి దిగి, చార్మినారు క్రింద ఒక్క ఘడియ నిలిచి, నాలుగు జతల గాజులు కొని, మరల బండి యెక్కువారే వారిలో ఎక్కువ. ఆ నగరము పుట్టుక, పెంపు, దానికి వచ్చిన ఆపద, అది తేరుకొన్న తీరు అన్నియు ఒక క్రోసు పైచిలుకు బాటలో వరుసగా కానవచ్చునని వారెరుగరు. ఉత్తరమున సుల్తాన్ బజారు మొదలుకొని, మూసీనది దాటి, దక్షిణమున చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారు వరకు గల బాట యది. దీనికి బండి అక్కరలేదు, వెంట దారి చూపువాడును అక్కరలేదు. ఉదయమే బయలుదేరి, నిలువవలసిన చోట నిలుచుచు నడచినచో మధ్యాహ్నమునకు ముగియును. మహాత్మాగాంధీ బస్సు స్టేషను మూసీ ఒడ్డుననే యున్నది గనుక బస్సులో పోయినవారు అచటినుండి సుల్తాన్ బజారునకు నడచియే చేరవచ్చును.

సుల్తాన్ బజారు

ఈ బజారునకు పూర్వపు పేరు రెసిడెన్సీ బజారు. నిజాము కొలువులో ఆంగ్లేయుల ప్రతినిధిగా నుండిన రెసిడెంటు నివాసము దీనికి చేరువనే కలదు. 1798 నుండి 1805 వరకు రెసిడెంటుగా నుండిన జేమ్స్ ఎకిలీస్ కర్క్‌పాట్రిక్ ఆ భవనమును కట్టించెను. ఎత్తైన తెల్లని స్తంభములతో, విశాలమైన మెట్లతో అది నేటికిని కన్నులకు ఇంపుగా నుండును. 1857 జూలై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ అను వీరుల నాయకత్వమున తిరుగుబాటుదారులు దాడి సలిపినది ఈ రెసిడెన్సీ మీదనే. స్వాతంత్ర్యానంతరము అందు కోఠీ మహిళా కళాశాల వెలసెను. చాలకాలము శిథిలావస్థలో నుండిన ఆ సౌధమునకు ఇటీవలనే మరమ్మతులు జరిగినవి.

రెసిడెన్సీ చుట్టునున్న బజారులు 1933 వరకు ఆంగ్లేయుల అధికారము క్రిందనే యుండెను. నిజాము ప్రభుత్వపు నిర్బంధములు అచట అంతగా సాగెడివి కావు. అందుచేత వర్తకమే గాక సభలు, సంఘములు, పత్రికా పఠనము ఆ వీథులలో తావు చేసికొనెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది ఇచటనే. రావిచెట్టు రంగారావుగారి గృహమున అది ఆరంభమాయెను. ఆయనతో పాటు మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారును, కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారును దాని స్థాపనకు మూలపురుషులు. లక్ష్మణరావుగారు 1877లో జన్మించిన ఊరు పెనుగంచిప్రోలు. మునగాల పరగణా సైతము 1959 వరకు కృష్ణా జిల్లాలోనిదే. నిజాము రాజ్యమున తెలుగు చదువునకు మొదటి దీపము వెలిగించినవారిలో ఇద్దరు కృష్ణా మండలమునకు చెందినవారగుట ఈ ప్రాంతమువారు మరువదగని విషయము. బట్టల దుకాణముల సందడి నడుమ ఆ భాషానిలయపు ద్వారము చూచి, ఒక్క క్షణము లోనికి పోయి నమస్కరించి, నడక ఆరంభించుట యుక్తము.

మూసీ ఒడ్డు

సుల్తాన్ బజారునుండి దక్షిణముగా నడచినచో అఫ్జల్‌గంజ్ వచ్చును. 1857 నుండి 1869 వరకు పాలించిన నిజాము అఫ్జలుద్దౌలా పేర వెలసిన పేట యిది. ఇచట మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమున్నది. 1891లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ ప్రయత్నముచే ఆసఫియా గ్రంథాలయమను పేర స్థాపింపబడి, 1936లో ఇప్పటి భవనమునకు చేరినది. తెలుగు, ఉర్దూ, పారశీ, ఆంగ్లము మొదలగు పెక్కు భాషల గ్రంథములకు అది నెలవు.

దాని చెంతనే ఉస్మానియా వైద్యశాల కలదు. ఆ ఆవరణలో ఒక చింతచెట్టు ఉన్నది. బాటసారులు తప్పక చూడవలసినది ఆ చెట్టు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచివేసెను. వేలకొలది ఇండ్లు కూలినవి. మృతుల సంఖ్య సుమారు 15,000 అని చెప్పుదురు. ఆ దినమున ఈ చెట్టు కొమ్మలనాశ్రయించి సుమారు 150 మంది బ్రదికిరి. నాడు మనుష్యులు కట్టిన వంతెనలు తెగినవి గాని ఆ మాను తొణకలేదు.

నేటి నగరమునకు రూపు వచ్చినది ఆ వరదతోనే. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఆయన సూచనలను అనుసరించి మూసీ మీద ఉస్మాన్‌సాగరమును, దాని ఉపనది మీద హిమాయత్‌సాగరమును నిర్మించి వరదకు అడ్డుకట్ట వేసిరి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడెను. ఇరుకు సందులను వెడల్పు చేయుట, ఒడ్డును రాతికట్టతో చక్కదిద్దుట దాని పనులు. నయాపూల్ వంతెనపై నిలిచి చూచినచో ఉత్తరపు ఒడ్డున వైద్యశాల, దక్షిణపు ఒడ్డున ఉన్నత న్యాయస్థానము ఎదురెదురుగా కానవచ్చును. ఆ రెంటికిని రూపకల్పన చేసినవాడు విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల శిల్పి. అయితే కట్టడము ఘనమైనదైనంత మాత్రమున చాలదు. 2020 వానలలో నీరు చేరుటచే వైద్యశాల పాత భవనమునుండి రోగులను తరలింపవలసి వచ్చెను. వరద బాధ పిదప నగరము లేచిన లేవడికి గురుతుగా నిలిచిన భవనము, మరమ్మతు కొరవడి మరల నీటికే లొంగెను.

పత్తర్‌గట్టి

వంతెన దాటి మదీనా చౌరాస్తా చేరినచో పాతనగరపు బజారు మొదలగును. చేరువనే దివాన్ దేవిడీ యుండెడిది. సాలార్జంగు వంశపు మంత్రుల మహలది. 1951లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన సాలార్జంగు మ్యూజియము మొదట అందే యుండి, 1968లో మూసీ ఒడ్డునగల ఇప్పటి భవనమునకు మారెను. మహలు నేడు లేదు, దాని ద్వారములు మాత్రము మిగిలినవి. ఆ ప్రక్కనేయున్న ఛత్తాబజారు పెండ్లి శుభలేఖల అచ్చునకు పేరుపొందినది.

అచటినుండి చార్మినారు దిక్కుగా పోవు తిన్నని వీథి పత్తర్‌గట్టి. ఇరుప్రక్కల నల్లరాతి కమానులు, వాని వెనుక దుకాణములు, మీద నివాసములు. వరద తరువాత నగరాభివృద్ధి సంస్థ కట్టించిన వరుస యిది. దుకాణమునకు ముందు నీడపట్టు విడిచి, కొనువారు ఎండవానలు సోకక నడచుటకు వీలుగా కట్టుట దీని విశేషము. బట్టలు, అత్తరులు, ముత్యములు ఇచటి ముఖ్య వర్తకములు. హైదరాబాదు ముత్యములని పేరే గాని ముత్యము హైదరాబాదున పుట్టదు. పూర్వము పారశీక సింధుశాఖ నుండి వచ్చెడివి. కొలనులలో పెంచిన చీనా ముత్యములు పిదప వచ్చినవి. వన్నె చూచి యేరుట, రంధ్రము వేయుట, గ్రుచ్చుట అను నేర్పు మాత్రము ఈ నగరమువారిది.

చార్ కమాన్, చార్మినారు

వీథి కొసన మచ్లీ కమాన్ కలదు. అది దాటినంతనే నలుదిక్కుల నాలుగు కమానులు, నడుమ గుల్జార్ హౌజ్ అను నీటి తొట్టి కానవచ్చును. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ నగరమును స్థాపించినపుడు ప్రధానియైన మీర్ మోమిన్ అస్త్రాబాదీ దానికి ప్రణాళిక గీచెను. రెండు రాజమార్గములు కలియుచోట చార్మినారును, దానికి ఉత్తరముగా కూతవేటు దూరమున ఈ నాలుగు కమానుల చౌకమును అమర్చెను. పడమటి కమాను వెనుక కుతుబ్ షాహీల రాజభవనములుండెడివి. విదేశయాత్రికులు వానిని వేనోళ్ల పొగడిరి. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించిన పిదప అవి క్రమముగా నశించి నేడు ఆనవాలు లేకపోయినవి. రాజులుండిన మహళ్లు పోయినవి, ప్రజలు నడచిన కమానులు నిలిచినవి.

ఈ చౌకము కృష్ణా తీరమునకు చుట్టమే. కృష్ణ ఒడ్డున కొల్లూరులో, కంచికచర్ల చేరువనున్న పరిటాలలో త్రవ్విన వజ్రములు గోలకొండ వర్తకమునకు పేరు తెచ్చినవి. మచిలీపట్టణపు అద్దకపు బట్టలు సైతము ఈ నగరమునకు వచ్చెడివి. 17వ శతాబ్దమున ఫ్రెంచి వజ్రవర్తకుడైన తావెర్నియే గోలకొండ మచిలీపట్టణముల నడుమ బెజవాడ మీదుగా ప్రయాణము చేసెను. నేడు బస్సు పోవుచున్న దిక్కుననే నాడు ఎడ్లబండ్ల బారులు సాగినవి.

గుల్జార్ హౌజ్ వద్ద వెండి బంగారు దుకాణములు, వాని మీద పాత ఇండ్లు ఒకదానికొకటి ఆనుకొని యుండును. 2025 మే 18వ తేదీ ఉదయమున అట్టి యింట అగ్నిప్రమాదము సంభవించి 17 మంది మరణించిరి. వారిలో పసిపిల్లలు ఎనిమిదిమంది. బయటికి వచ్చుటకు ఇరుకైన మెట్లదారి యొక్కటే యుండుట ఆ ఘోరమునకు కారణములలో నొకటి. పాత కట్టడమును చూచి మురియువారు అందు కాపురముండువారి క్షేమమునుగూర్చి గూడ తలపవలెను.

చార్మినారు ఎత్తు 56 మీటర్లు, ఒక్కొక్క ప్రక్క 20 మీటర్లు. లోపలి మెట్లు 149. పై అంతస్తున మసీదు కలదు. నలువైపులనున్న గడియారములు 1889లో చేరినవి. నాలుగు వందల యేండ్లకు పైగా నిలిచినదని అందరును ఆశ్చర్యపడుదురు గాని అది తనంతట తాను నిలువలేదు. మొగలుల కాలమున పిడుగుపడి నైరుతి మినారు విరిగినపుడు 60,000 రూపాయల వ్యయముతో బాగుచేసిరి. 1824లో లక్ష రూపాయలతో మరల గచ్చు చేసిరి. 2019 మే నెలలో ఒక మినారునుండి గచ్చుపెళ్ల రాలిపడగా పురావస్తు శాఖవారు సరిచేసిరి. ప్రతి తరము తన వంతు సున్నము పూసినందుననే అది నేటికిని నిలిచియున్నది.

లాడ్ బజారు

చార్మినారునకు నైరుతి దిక్కున మక్కా మసీదు కలదు. మహమ్మద్ కుతుబ్ షా ప్రారంభించిన ఆ కట్టడమును 1694లో ఔరంగజేబు పూర్తి చేయించెను. శుక్రవారము ప్రార్థనకు వేలమంది కూడుదురు గనుక చూడబోవువారు వేరొక దినమున పోవుట మేలు. పడమరగా పోవు సందే లాడ్ బజారు. ఇచట లక్క గాజులు పేరుగన్నవి. లక్కను నిప్పు సెగపై కరగించి, ముద్దచేసి, కడ్డీగా సాగదీసి, గాజుగా వంచి, వేడి చల్లారకమునుపే అద్దపు రాళ్లను ఒక్కొక్కటిగా చేతితో పొదుగుదురు. వందల రాళ్లు పొదుగవలసిన గాజులును కలవు. చెయ్యి కాలును, కన్ను నొచ్చును. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు లభించెను. బేరమాడుట అచటి ఆచారమే. అయినను చివరి పది రూపాయలకై పట్టుపట్టునపుడు ఆ కాలిన వ్రేళ్లను ఒకసారి తలచుకొనుట ధర్మము.

ఇచటితో నడక ముగియును. పొట్లముతో పాటు ఇంటికి కొనిపోదగిన మాట యొకటి ఈ బాటలో కలదు. పలువురు వాడుకొనునది, వాడుకొనువారే చక్కబెట్టుకొనునది నిలుచును. ఆ రెంటిలో ఏది కొరవడినను రాయి సైతము నిలువదు. 1901లో ఒక గృహస్థుని యింట కొన్ని పుస్తకములతో పుట్టిన భాషానిలయము నూరేండ్లు దాటినది గూడ ఇట్లే. ఇరువదియైదేండ్లు నిండిన గ్రామ గ్రంథాలయమునకును దారి ఇదియే. పుస్తకము కొనిపోయి చదువువారుండవలెను, చిరిగిన అట్టను అతికించు చెయ్యి యుండవలెను. తక్కినది కాలమే చూచుకొనును.