సో మొరిరి సరస్సు

లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్ పీఠభూమిపై, సముద్రమట్టానికి 4,500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఉప్పునీటి సరస్సు. మంచు కరిగి వచ్చే వాగులు దీన్ని నింపుతాయి. నీరు బయటికి పోయే దారి లేక ఉప్పదనం నిలిచిపోయింది. చలికాలంలో గడ్డకడుతుంది. 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందింది.

దీని అసలు సంపద పక్షులే. తలపై రెండు నల్లచారలుండే బార్‌హెడెడ్ బాతులు ఇక్కడ గుడ్లు పెట్టి, పిల్లలు ఎదిగాక హిమాలయాలు దాటి, దక్షిణ భారత చెరువుల దాకా వలస వస్తాయి. ఇంత చిన్న ప్రాణికి అంత ప్రయాణం నిజంగా అబ్బురమే. అరుదైన నల్లమెడ కొంగలు ఒడ్డునున్న బురదనేలల్లో గూళ్లు కడతాయి; ఊరకుక్కలు ఆ గుడ్లను, పిల్లలను తినేయడం ఆందోళనకరం. చుట్టుపక్కల మైదానాల్లో కియాంగ్ అనే అడవిగాడిదలు మేస్తాయి. పడమటి ఒడ్డున కోర్జోక్ గ్రామం, బౌద్ధారామం ఉన్నాయి. చాంగ్‌పా సంచార పశుపాలకులు పష్మీనా మేకలను ఇక్కడే మేపుతారు.