ద్వారం వెంకటస్వామినాయుడుగారి చదువు దినములు



అరకులోయ పేరు వినగానే మీలో పలువురకు కాఫీతోటలును, బొఱ్ఱా గుహలును, కొండలు దూరి పోవు రైలుబండియు జ్ఞప్తికి వచ్చును. నాకు మాత్రము మోరి మ్రోత వినవచ్చును. మోరి యనగా థింసా ఆటకు ఊదెడు వాద్యము. మన సన్నాయికి దాయాది యనవచ్చును. ఆ లోయలో ఒక పాఠశాలయందు నేను చాలకాలము తెలుగు పండితుడనై యుంటిని. నేడు నేను చెప్పబూనినది ఆ కొండల క్రింది విజయనగరమున పేరొందిన ఫిడేలు విద్వాంసుని బాల్యవిద్యను గూర్చి. కాని మోరితో మొదలుపెట్టక నాకు తప్పదు.

నా తరగతిలో ఒక కొటియా బాలుడుండెను. ఇంట వారు మాటలాడునది ఆదివాసీ ఒడియా. తెలుగు వానికి బడిలోని భాషయే. నేను నల్లబల్లపై సంధిసూత్రము వ్రాసి చదువుమనగా, వాడు లేచి నిలిచి బల్లవంక చూడక, నావంకకు చెవియొగ్గి యుండెడివాడు. నేను చదివి వినిపించిన పద్యమును మాత్రము, యతిస్థానమున నేను నిలిపిన నిలుపుతోగూడ, తప్పక అప్పగించెడివాడు. కంటికి అక్షరము ఆనక చెవితో చదువుచున్నాడని నాకు తోచలేదు. సోమరితనమని తలచితిని. ఒకనాడు పాఠము నడుమ బల్లపై వ్రేళ్లతో తుడుము దరువు వేయుచుండగా, చెవి మెలిపెట్టి యెండలో నిలువబెట్టితిని. మరునాడు వాడు రాలేదు. పిమ్మటను రాలేదు. నేను హాజరుపట్టీనుండి పేరు కొట్టివేసి, ఆ సంగతి మరచితిని.

చాల యేండ్ల పిదప ద్వారమువారి చరిత్ర చదువుచు ఒక తావున ఆగిపోతిని.

వెంకటస్వామినాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రి మానవరాయుడుగారు సైన్యోద్యోగి. బాలుడు పెరిగినది విశాఖపట్టణమున. చిన్ననాడే చూపు మందగించెను. బడిచదువు నల్లబల్లనే నమ్ముకొన్న చదువు గదా. అది ఆయనకు సాగలేదు. దానిని చదివిన దినమున నేను పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని.

అయితే ఆ యింట మరియొక బడియుండెను. అన్నగారు వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు వాయింతురు. తమ్ముడు ఆయనయొద్దనే కమాను పట్టెను. ఈ ఫిడేలు మన దేశపు వాద్యము కాదని మీ రెరుగుదురు. తెల్లవారి వెంట వచ్చినదానిని, ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ములు బాలుస్వామి దీక్షితులవారు నేర్చి, మన సంగీతమునకు లొంగదీసిరి. వీణకువలె దానికి మెట్లు లేవు. వ్రేలు ఎక్కడ నిలువవలెనో తంత్రిపై గురుతులేదు. నూలుపోగంత తప్పినను స్వరము తప్పును. ఆ తావును చూపించునది కన్ను కాదు, చెవియే. చూపు చాలని పిల్లవానికి ఇంతకంటె తగిన వాద్యము దొరకునా యని నాకు తోచును. ప్రాజ్ఞులు ఒప్పుకొనకున్న ఒప్పుకొనకపోదురు గాక.

1919లో విజయనగర ప్రభువు శ్రీ విజయరామ గజపతివారు సంగీత కళాశాలను స్థాపించిరి. సంస్థానోద్యోగి కుమారుడైన యొక అంధబాలుని సంగీతవిద్యకై యత్నింపగా ఆ కళాశాల పుట్టెనని దాని పుట్టుకను గూర్చి చెప్పుదురు. మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన విద్యార్థిదశ వేరువిధము. విజయనగరమున ఇంగ్లీషు చదువు చదువుచుండగా, 1883లో చెన్నపట్టణపు భాగవతుని హరికథ విని, ఆ దారి పట్టిరి. అయినను మెట్రిక్యులేషను విడువక తేరిరి. రెండు పడవలపై కాళ్లుంచి మునుగనివారు ఆయన యొక్కరే కాబోలు!

ఆ కళాశాలలో విద్యార్థిగా చేరగోరి వెంకటస్వామినాయుడుగారు వచ్చిరట. అప్పటికి ఆయనకు 26వ యేడు. వాయింపు విన్న పెద్దలు, విద్యార్థిగా చేర్చుకొనుట మాని, ఫిడేలు ఆచార్యపదవినే ఇచ్చిరి. దీనిని మన ప్రాంతమున చిన్నపిల్లలకు సైతము చెప్పుదురు. పదవి పెద్దదగుటచే కాబోలు, అందరును ఆ పదవినే పొగడుదురు. నాకు అచ్చెరువు గొలుపునది వేరు. ఆయన చదివిన తరగతి యేది, తేరిన పరీక్ష యేది యని యడుగక, ముందు వాయింపుమని కూర్చుండబెట్టి వినిరి. ఆ పాటి పని నేను నా తరగతిలో చేయలేకపోతిని.

తరువాతి కథ మీరెరిగినదే. 1936లో నారాయణదాసుగారి వెనుక ఆయనయే అధ్యక్షులైరి. పాటకు ప్రక్కవాద్యముగానుండిన ఫిడేలును, 1938లో వేలూరులో ఒంటిగా కచేరిచేసి, పీటపై కూర్చుండబెట్టిరి. 1941లో సంగీత కళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీయు వచ్చినవి. 1964 నవంబరులో చెన్నపట్టణమున కీర్తిశేషులైరి.

ఇక నా కొటియా బాలుని మాట. ఉద్యోగవిరామమునకు ముందటి యేడు, చైత్రమాసమున ఇటుకల పండుగకు ఒక కొండయూరికి పిలువగా పోయితిని. స్త్రీలు ఒకరి వీపు వెనుక నొకరు చేతులు పెనవైచుకొని వలయముగా థింసా ఆడుచుండిరి. కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మ్రోగుచుండెను. వానినన్నిటిని లాగికొనిపోవుచున్నది ఒక మోరి. ఆట నిలిచినప్పుడు నేను గ్రామపెద్దతో ఏదో మాటలాడితిని. మోరి ఊదువాడు చటుక్కున తలయెత్తి, "పంతులుగారా!" యనెను.

నేను దగ్గరకు పోయితిని. నడివయసు మనిషి, దళసరి అద్దములు పెట్టియుండెను. నన్నెట్లు గురుతుపట్టితివని యడిగితిని. "మీ మొగము నాకు తెలియదండి, మాటయే తెలుసు" ననెను. పిమ్మట, నేను యడుగకయే, ఆనాటి పద్యమును మొదటినుండి చివరవరకు చదివి వినిపించెను. యతిస్థానమున నిలుపు నాదే.

నే నేమియు పలుకలేకపోతిని. ఇంతలో తుడుము మ్రోగెను. వాడు సెలవడిగి, మోరి నోటికి చేర్చుకొనెను.