ప్యాచ్‌కు తొందర, వెర్షన్‌కు నిదానం

హైదరాబాద్‌లో నయాపూల్ పక్కన మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టులో ఒకప్పుడు కేసంటే కట్టగట్టిన కాగితాలే. ఈ-కోర్టుల పథకం వచ్చాక వాయిదా తేదీ, కాజ్‌లిస్టు, తీర్పు ప్రతి కంప్యూటర్లలోకి చేరాయి. ఇలాంటిచోట సర్వర్ ఆగితే కక్షిదారుకు ఆ పూట దిక్కుతోచదు. దొంగ చొరబడితే రికార్డు మీదే నమ్మకం పోతుంది. అందుకే సర్వర్లు చూసేవారిలో ఒక వాదం ఎన్నాళ్లుగానో తెగడం లేదు: ప్యాచ్ వెంటనే వేయాలా, నడుస్తున్నదాన్ని కెలక్కుండా వదిలేయాలా? ప్యాచ్ వేయడాన్నీ, వెర్షన్ మార్చడాన్నీ ఒకే పనిగా చూడటం వల్లే ఈ చిక్కు వచ్చిందని నా వాదన.

ఆలస్యం ఏం చేస్తుందో తెలుగు నేల 2017లోనే చూసింది. విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. ఆ లోపాన్నే వాడుకుని మే 12న విరుచుకుపడిన వానాక్రై రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లనూ వదల్లేదు. మందు వచ్చి రెండు నెలలైనా వేసుకోని యంత్రాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. అయితే నిదానం కోరేవారి మాటలోనూ బలముంది. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1 శ్రేణిలోనిది, పాత 0.9.8తో నడిచే సర్వర్లకు అది సోకలేదు. 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7 పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను తీసేసింది. వాటి మీద ఆధారపడిన సైట్లు కోడ్ మార్చుకోనిదే నడవలేదు.

హార్ట్‌బ్లీడ్, పీహెచ్‌పీ 7 రెండూ వెర్షన్ మార్పుతో వచ్చిన కష్టాలే. డెబియన్ వంటి లినక్స్ పంపిణీలు ఈ తేడా గుర్తించి, వెర్షన్‌ను అలాగే ఉంచి భద్రతా సవరణను మాత్రమే అందులో కలుపుతాయి. మార్పు చిన్నదైతే పరీక్షించడం తేలిక, వెనక్కి తీయడమూ తేలికే. చిన్న సవరణ కూడా కొంప ముంచదా అంటే, ముంచుతుంది. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది. అయితే ఆ తప్పు అంత దూరం పాకడానికి కారణం దాన్ని అందరికీ ఒక్కసారే పంపడం. ముందు కొన్ని యంత్రాల మీద వేసి, బాగుందనుకున్నాకే మిగతావాటికి పంపితే నష్టం అక్కడితోనే ఆగేది. అలాగని పాత వెర్షన్‌ను ఎల్లకాలం పట్టుకు వేలాడలేం. పీహెచ్‌పీ 5.6కు 2018 డిసెంబరు 31తో తయారీదారుల భద్రతా సవరణలు ఆగిపోయాయి. గడువు ముందే తెలుసు కాబట్టి కొత్త వెర్షన్‌కు నెలల తరబడి కసరత్తు చేయవచ్చు. దాడి చేసేవాడు మాత్రం గడువు చెప్పి రాడు. సిబ్బంది తక్కువున్న కార్యాలయం కూడా ఒక పరీక్షా యంత్రాన్నీ, సరిచూసిన బ్యాకప్‌నూ సమకూర్చుకోగలదు. ఆ రెండూ ఉంటే ప్యాచ్ వాయిదా వేయడానికి సాకు మిగలదు.