చెరువు లోతు: గడకర్ర నుండి ప్రతిధ్వని దాకా

మత్తడి దూకుచున్న చెరువును చూచి, నిండినదని సంతోషించుట సహజమే. కాని ఆ నిండుదనములో నీరెంత, పూడిక యెంత అన్నది కట్టమీద నిలిచినవారికి తెలియదు. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారం చెరువు గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించినది. భూపాలపల్లి జిల్లాలోని గణపురం చెరువును కాకతీయుల నాటిదే. ఏడువందల యేండ్లకు పైగా ప్రతి వానకాలము వీనికి నీటితో పాటు ఒండ్రును తెచ్చుచునే యున్నది.

పూర్వము లోతు చూచుటకు గడకర్ర గాని, సీసపుగుండు కట్టిన త్రాడు గాని సాధనము. మెత్తని బురదలో గుండు దిగబడును; ఆ మేరకు లోతు హెచ్చుగా కనబడును. 1826లో జెనీవా సరస్సున కొలడాన్, స్టుర్మ్ అను వారిరువురు నీటిలో గంట మ్రోగించి ధ్వనివేగము కొలిచిరి. సెకనుకు 1435 మీటర్లని తేలినది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున పాల్ లాంజెవాన్ స్ఫటికముతో నీటిలోనికి ధ్వని పంపి, మరలివచ్చు ప్రతిధ్వనిని పట్టు పరికరము నిర్మించెను. జలాంతర్గాముల వేటకై పుట్టిన ఆ విద్యయే నేడు జలాశయముల పూడికను లెక్కించుచున్నది.

ఆ పరికరపు ముఖమే ట్రాన్స్‌డ్యూసర్. చిన్న పడవలో దానిని అమర్చుటయందే నేర్పంతయు నున్నది. ఇనుపగొట్టము చివర బిగించి, పడవ ప్రక్కన నిట్టనిలువుగా నీటిలో ముంచవలెను. మోటారు రెక్కలకు దూరముగా నుంచవలెను. అవి రేపు గాలిబుడగలు ధ్వనిని మ్రింగివేయును. అది నీటిమట్టమునకు ఎంత క్రింద నున్నదో కొలిచి లెక్కలో కలుపవలెను. ఈ చివరిది మరచి, పది సెంటీమీటర్లు తప్పినచో, చదరపు కిలోమీటరు చెరువులో లక్ష ఘనపు మీటర్ల నీరు తారుమారగును! జెనీవా చల్లని నీటి అంకెను మన వేసవి చెరువుకు వాడినను నూటికి నాలుగైదు వంతులు తప్పే. అందుకే అనుభవజ్ఞులు తెలిసిన లోతుకు ఇనుపపలకను దింపి, పరికరము ఆ లోతునే చూపునో లేదో పరీక్షింతురు.

ఓరుగల్లు సీమకు కాకతీయ కాలువ ద్వారా నీరిచ్చు శ్రీరాంసాగరమున 112 టి.ఎం.సి. పట్టునని తొలుత లెక్క. 1994 సర్వేనాటికి అది సుమారు 90కి దిగినది. జనగామ మెట్టపొలములకు దేవాదుల పథకమున గోదావరి జలము పంపులతో ఎత్తి తేబడుచున్నది. అంత వ్యయముతో వచ్చిన నీటికి చెరువులో చోటెంత కలదో ఆయకట్టు రైతునకు చెప్పవలసినది, పడవ ప్రక్కన సరిగా బిగించిన ఆ గొట్టమే.